నీళ్లు వదిలే రోజు
(అట్లాంటా ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, అదీ భోజనాలయ్యాక, ఇంతమంది నది గురించి వినడానికి కూర్చున్నారంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

వైట్‌వాటర్ కయాకింగ్ ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. రాళ్ల మధ్య నురగలతో దూకే నదిలో, ఒక్కరే కూర్చునే చిన్న పడవను రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నడపడమే ఆ క్రీడ. పడవ గురించి, తెడ్డు గురించి తర్వాత చెబుతాను. ముందుగా నీళ్ల గురించి చెప్పాలి. మనం ఉంటున్న ఈ ప్రాంతంలో పేరున్న చాలా నదుల్లో నీళ్లు వాటంతటవి రావు. ఆనకట్ట దగ్గర ఎవరో వదిలితే వస్తాయి. అలా వదిలేలా చేయడానికి కొందరు మామూలు మనుషులు, క్లబ్బుల సభ్యులు, ఏళ్ల తరబడి కష్టపడ్డారు. ఈ కథ తెలియకుండా నదిలో దిగడం నాకు ఇష్టం ఉండదు. మీకూ ముందే చెప్పాలనిపించింది.

ఇక్కడి నుంచి ఉత్తరంగా రెండు గంటలు వెళితే, టెనెస్సీ రాష్ట్రంలో ఓకోయీ నది వస్తుంది. 1913లో దాని మీద రెండో నంబరు ఆనకట్ట కట్టారు. నీళ్లన్నిటినీ కొండ వాలు వెంబడి వేసిన చెక్క కాలువలోకి మళ్లించి, దిగువన విద్యుత్ కేంద్రానికి పంపేవారు. దాంతో దాదాపు ఐదు మైళ్ల నది ఎండిపోయింది. రెండు తరాలవారికి అక్కడ కనిపించింది రాళ్లు మాత్రమే. 1976లో ఆ చెక్క కాలువ శిథిలమై వాడకానికి పనికిరాకుండా పోవడంతో నీళ్లు మళ్లీ పాత దారి పట్టాయి. నది పొంగి దూకుతోందన్న కబురు కయాకర్లకు చేరింది. వాళ్లు వచ్చారు, వాళ్ల వెనుక రాఫ్టింగ్ సంస్థలు వచ్చాయి, ఆ లోయలో కొత్త బతుకుతెరువు పుట్టింది. కొన్నేళ్లకు ఆ ఆనకట్టను నడిపే ప్రభుత్వ సంస్థ టెనెస్సీ వ్యాలీ అథారిటీ, కాలువను బాగుచేసి, నీళ్లు మళ్లీ అందులోకే పంపుతామంది. అప్పుడు పడవలవాళ్లు ఊరుకోలేదు. ఉత్తరాలు రాశారు, విచారణలకు హాజరయ్యారు, ప్రజాప్రతినిధుల చుట్టూ తిరిగారు. చివరికి 1984లో అమెరికా కాంగ్రెస్, తగ్గిపోయే విద్యుత్తుకు పరిహారంగా 74 లక్షల డాలర్లు కేటాయించింది. అప్పటి నుంచి ఏడాదికి వంద పైచిలుకు రోజులు ఆ నదిలోకి నీళ్లు వదులుతున్నారు. దానికి ఎగువ భాగంలోనే 1996 అట్లాంటా ఒలింపిక్స్ స్లాలమ్ పోటీలు, అంటే నది మీద వేలాడదీసిన గేట్ల మధ్య నుంచి పడవ నడిపే పోటీలు, జరిగాయి.

వెస్ట్ వర్జీనియాలోని గాలీ నదిదీ ఇలాంటి కథే. సమ్మర్స్‌విల్ ఆనకట్ట పూర్తయింది 1966లో. వరద నీటికి చోటు చేయడం కోసం ఏటా శరదృతువులో ఆ జలాశయాన్ని ఖాళీ చేస్తారు. ఆ నీళ్ల మీదే పడవలు నడిచేవి. 1980ల మొదట్లో వచ్చిన ఒక విద్యుత్ ప్రతిపాదన ఆ ప్రవాహానికే ఎసరు పెట్టబోయింది. కయాకర్లు దాన్ని అడ్డుకోగలిగారు. ఆ సంతోషంలో 1983లో చేసుకున్న పండుగే గాలీ ఫెస్ట్. ఈనాటికీ ప్రతి సెప్టెంబరులో జరుగుతుంది. 1986లో వచ్చిన చట్టం, వైట్‌వాటర్ వినోదాన్ని ఆ ఆనకట్ట అధికారిక ప్రయోజనాల్లో ఒకటిగా చేర్చింది. ఈ దేశంలో అలాంటి చట్టం అదే మొదటిది. సాగునీరు, తాగునీరు, విద్యుత్తు, వరద నియంత్రణ అనే జాబితా చూసి పెరిగినవాళ్లం మనం. ఆ జాబితాలో నదితో ఆడుకునే హక్కు కూడా చేరిందని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

అందుకే నేను మీకు పడవ కొనమని చెప్పను. క్లబ్బులో చేరమని చెబుతాను. మన ప్రాంతానికి జార్జియా కెనూయింగ్ అసోసియేషన్ ఉంది. కెనూ అంటే ఒక వైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పడవ. పేరులో కెనూ ఉన్నా కయాకర్లు పెద్ద సంఖ్యలో ఉన్న క్లబ్బు అది. నార్త్ కరొలినాలో కరొలినా కెనూ క్లబ్ ఉంది. దేశమంతటికీ కలిపి నదుల హక్కుల కోసం పనిచేసే సంస్థ అమెరికన్ వైట్‌వాటర్, 1954లో మొదలైంది. కోర్సులు, శిక్షకుల అర్హతలు చూసేది అమెరికన్ కెనూ అసోసియేషన్. దాని వయసు ఇంకా ఎక్కువ, 1880లో పుట్టింది.

క్లబ్బు ఎందుకు, యూట్యూబులో చూసి నేర్చుకుంటే చాలదా అని మన పిల్లలు అడుగుతారు. చాలదు. ఎందుకు చాలదో కాస్త గట్టిగానే చెబుతాను.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ జలాశయం నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఈ గదిలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ వీడియో గుర్తుండే ఉంటుంది. ఆ పిల్లలు సాహసం చేయడానికి వెళ్లలేదు. నీళ్లు మోకాళ్ల లోతే కదా అనుకున్నారు. పైన ఆనకట్ట ఉందనీ, దాని గేట్లు ఎప్పుడైనా లేస్తాయనీ వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. ఇక్కడ మన ఇళ్ల పక్కనే ఉన్న చటాహూచీ నదికి పైన బ్యూఫర్డ్ ఆనకట్ట ఉంది. నీళ్లు వదిలే ముందు సైరన్ మోగుతుంది. ఆ ఆనకట్ట నుంచి హైవే 20 వంతెన దాకా నదిలో ఉన్నవాళ్లు లైఫ్ జాకెట్ తొడుక్కొని ఉండాలన్నది చట్టం. ఊరికే చేతిలో పట్టుకొని ఉంటే సరిపోదు. మండు వేసవిలో కూడా అక్కడ నీళ్లు గడ్డకట్టించేంత చల్లగా ఉంటాయి, ఎందుకంటే ఆ ఆనకట్ట వెనుక ఉన్న లేనియర్ జలాశయం అడుగు నుంచి వస్తాయి. మొన్న వేసవిలో ఆ సైరన్ మోగుతుంటే ఒక కుటుంబం నింపాదిగా నది మధ్య రాయి మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పడం చూశాను. మేము కేకలు వేసి ఒడ్డుకు రప్పించాం. వాళ్లది తెలుగే.

క్లబ్బు మొట్టమొదట నేర్పేది ఇదే: ఈ నది నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎప్పుడు వస్తాయి, ఎన్ని వస్తాయి. ఈ విషయంలో మనవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. అమెరికా మిత్రులకు కొత్తగా నేర్పాల్సిన క్యూసెక్కుల లెక్క మనకు వార్తాపత్రికల పుణ్యమా అని చిన్నప్పుడే వచ్చు. గాలీ నదిలో పండుగ రోజుల్లో వదిలేది సుమారు 2,800 క్యూసెక్కులు. 2024 సెప్టెంబరు వరదల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి వెళ్లింది 11 లక్షల క్యూసెక్కులకు పైనే. ఆ లెక్కన గాలీ పిల్లకాలువ అనిపిస్తుంది. కానీ ఆ 2,800 క్యూసెక్కులే ఇరుకైన లోయలో, ఇల్లంత రాళ్ల మధ్య, నిటారు వాలులో దిగుతాయి. అందుకే అంకె ఒక్కటే చూసి నదిని అంచనా వేయకూడదు. అదే అంకెకు ఆ నది ఎలా ఉంటుందో ఏళ్ల తరబడి చూసినవాళ్లను అడగాలి.

నదుల కష్టాన్ని ఒకటి నుంచి ఆరు దాకా క్లాసులుగా చెబుతారు. క్లాస్ 1 అంటే కదిలే నీళ్లు, చిన్న అలలు. క్లాస్ 2లో దారి స్పష్టంగా కనిపిస్తుంది, అక్కడక్కడ రాళ్లను తప్పించుకోవాలి. క్లాస్ 3 నుంచి పడవను కోరుకున్న చోటికి కచ్చితంగా తిప్పగలగాలి. క్లాస్ 5 ప్రాణాల మీదికి తెచ్చేది. క్లాస్ 6 గురించి నాకు మాట్లాడే అర్హత లేదు. కొత్తవాళ్లకు మొదటి ఏడాదంతా క్లాస్ 2 చాలు. అందులోనే నేర్చుకునేది బోలెడంత ఉంది.

ఇక కోర్సులు. నార్త్ కరొలినాలో, ఇక్కడికి మూడు గంటల లోపే, నాంటహాలా నది ఒడ్డున నాంటహాలా అవుట్‌డోర్ సెంటర్ ఉంది. 1972 నుంచి అక్కడ కయాకింగ్ నేర్పుతున్నారు. క్లబ్బులు కూడా తమ సభ్యులకు వేసవిలో తక్కువ రుసుముతో శిక్షణ నడుపుతాయి. ఎక్కడ చేరినా మొదటి రోజు వరుస దాదాపు ఒకటే.

ముందు కదలని నీళ్లు, చెరువో ఈతకొలనో. పడవలో కూర్చుంటారు. నడుము చుట్టూ స్ప్రే స్కర్ట్ అనే రబ్బరు వస్త్రం ఉంటుంది, దాని అంచును పడవ నోటి చుట్టూ బిగిస్తారు. అది నీళ్లు లోపలికి రాకుండా ఆపుతుంది. ఆ తర్వాత శిక్షకుడు చెప్పే మాట వినగానే చాలామంది ముఖాలు పాలిపోతాయి: "ఇప్పుడు బోల్తా కొట్టండి." తలకిందులుగా, నీళ్లలో, నడుము దాకా పడవలో ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. కాళ్లు కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. శరీరాన్ని ముందుకు వంచాలి. పడవ ముందు అంచు వెంట చేతులు జరిపి, స్కర్ట్‌కు కుట్టిన పట్టీని అందుకోవాలి. దాన్ని ముందుకు, ఆ తర్వాత పైకి లాగాలి. రెండు చేతులూ తుంటి పక్కన ఆనించి, పడవను ప్యాంటు విప్పినట్టు కిందికి తోయాలి. అంతే, బయటికి వచ్చేస్తారు. మొత్తం నాలుగైదు సెకన్లు. మొదటిసారి అది నాలుగైదు నిమిషాల్లా ఉంటుంది. రెండోసారికి భయం సగమవుతుంది. మూడోసారి కొందరు నీళ్ల అడుగున కళ్లు తెరిచి చూస్తారు.

దీన్ని వెట్ ఎగ్జిట్ అంటారు. ఇది రాకుండా స్కర్ట్ బిగించి నదిలో కూర్చోబెడతామని ఎవరైనా అంటే, అక్కడి నుంచి వచ్చేయండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను.

దాని తర్వాత తోటివారి సాయంతో లేవడం నేర్పుతారు. బోల్తాపడ్డవారు పడవ అడుగు భాగాన్ని రెండు చేతులతో మూడుసార్లు చరిచి, చేతులను పడవ పక్కన ముందుకూ వెనక్కూ ఆడిస్తారు. పక్కనున్నవారు తమ పడవ ముక్కును ఆ చేతికి అందిస్తారు. దాన్ని పట్టుకొని తుంటితో పడవను తిప్పి పైకి లేవాలి. ఆ తర్వాతిది రోల్, ఎవరి సాయమూ లేకుండా తెడ్డు ఊపుతో, తుంటి విసురుతో తిరిగి పైకి రావడం. కొత్తవాళ్లు అందరూ తల ముందు పైకి తేవాలని చూస్తారు, ఎందుకంటే ఊపిరి కావాలి. కానీ తల చివరన రావాలి. ముందు తుంటి తిరగాలి, పడవ తిరగాలి, ఆ తర్వాతే తల. మెదడు చెప్పే మాటకు పూర్తిగా వ్యతిరేకంగా చేయాల్సిన పని ఇది. అందుకే దీనికి చలికాలం ఈతకొలనులో సాయంత్రాలు గడపాలి. క్లబ్బులు ఏర్పాటు చేసే ఆ సాయంత్రాల్లో తలా ఒక చేయి వేసి నేర్పుతారు. డబ్బు పుచ్చుకునే శిక్షకులు కారు వాళ్లు. నిన్న మొన్న తాము నేర్చుకున్నదాన్ని ఇవాళ మీకు చెబుతారు.

తర్వాత కదిలే నీళ్లు. నా ఉద్దేశంలో ఈ క్రీడకు ప్రాణం ఎడ్డీలో ఉంది. మన ప్రకాశం బ్యారేజీ దగ్గరో, రాజమండ్రి రైలు వంతెన దగ్గరో వరద రోజుల్లో స్తంభాల వెనుక చూసే ఉంటారు. నది అంతా దిగువకు పరుగెడుతుంటే, స్తంభం వెనుక చిన్న ముక్క మాత్రం వెనక్కి తిరిగి, స్తంభం వైపే నెమ్మదిగా వస్తుంటుంది. అదే ఎడ్డీ. పెద్ద రాయి వెనుకా అంతే. నది రాళ్ల మధ్య నురగలతో దూకే చోటును ర్యాపిడ్ అంటారు. భీకరంగా కనిపించే ర్యాపిడ్ మధ్యలో కూడా పడవ నిలబడగలిగే చోట్లు ఉంటాయి. అందులోకి తిరిగి ఆగడం, ఊపిరి తీసుకోవడం, కిందికి చూసి దారి ఎంచుకోవడం, మళ్లీ ప్రవాహంలోకి వెళ్లడం, ఇదే కయాకింగ్. ఒడ్డున నిలబడి చూసేవారికి కయాకర్ దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి మంచి కయాకర్ ఎక్కువసేపు ఆగుతూ వెళ్తాడు.

ఎడ్డీ నుంచి ప్రవాహంలోకి వచ్చేటప్పుడు పడవను దిగువ వైపు వంచాలి. ప్రవాహం ఎటు పోతుందో అటు. భయంతో ఎగువ వైపు ఒరిగితే నీళ్లు పడవ అంచు మీదెక్కి క్షణంలో తిప్పేస్తాయి. శిక్షకులు దీన్ని వందసార్లు చెబుతారు. మీరు వందసార్లు వింటారు. నూటొకటోసారి ఒళ్లు తనంతట తాను ఒరుగుతుంది.

నాంటహాలాలో కొత్తవాళ్లు దిగే భాగం ఎనిమిది మైళ్లు. మొదట్లోనే ప్యాటన్స్ రన్ అనే ర్యాపిడ్ వస్తుంది, ఒంట్లో నిద్రంతా వదిలిస్తుంది. ఆ తర్వాత అంతా క్లాస్ 2. చివరన నాంటహాలా ఫాల్స్, అది క్లాస్ 3. అక్కడ దిగేవాళ్లు దిగుతారు, ఇష్టం లేనివాళ్లు ముందే ఒడ్డుకు వచ్చి పడవ భుజాన వేసుకొని నడుస్తారు. నడిచినవారిని ఎవరూ చిన్నచూపు చూడరు. జలాశయం అడుగు నుంచి వచ్చే నీరు కాబట్టి జులైలో కూడా పది డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. నూలు బట్టలు వేసుకోకండి. తడిసిన నూలు ఒంట్లో వేడినంతా లాగేస్తుంది.

పడవ వదిలి నీళ్లలో పడితే ఏం చేయాలో కూడా మొదటి రోజే నేర్పుతారు. వెల్లకిలా తేలాలి, కాళ్లు దిగువకు చాచి, పాదాలు నీటి పైకి ఉంచాలి. ప్రవాహంలో మోకాలు లోతు దాటి ఎక్కడా లేచి నిలబడే ప్రయత్నం చేయకూడదు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే నీటి బరువు మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. మన ఊళ్లలో వాగు దాటేవాళ్లు మునిగిపోయే కారణాల్లో ఇదొకటి. రెండోది, నదికి అడ్డంగా పడి ఉన్న చెట్టు. నీళ్లు కొమ్మల మధ్య నుంచి పోతాయి, మనిషి పోలేడు. మూడోది, చూడటానికి అమాయకంగా ఉండే చిన్న ఆనకట్ట, మన చెక్ డ్యామ్ లాంటిది. పైనుంచి పడ్డ నీరు అడుగుకు దిగి, పైకి లేచి, పైభాగంలో వెనక్కి తిరిగి, చిక్కినవారిని మళ్లీ మళ్లీ గోడ దగ్గరికే లాగుతుంది. దాన్ని పడవలో దాటాలని ఎప్పుడూ అనుకోకండి. ఈత బాగా వచ్చు కదా అన్న ధైర్యం ఈ మూడింటి దగ్గరా పనిచేయదు.

కోర్సు అయ్యాక క్లబ్బు విహారాలు. ప్రతి విహారానికీ ఒక సమన్వయకర్త ఉంటారు. ఏ నది, ఏ క్లాసు, ఎంత నైపుణ్యం ఉండాలి అన్నది ముందే ప్రకటిస్తారు. మీరు ఫోన్ చేస్తే చాలా ప్రశ్నలు అడుగుతారు: రోల్ వచ్చా, ఏ నదులు చేశారు, ఎవరితో చేశారు. నొచ్చుకోకండి. వద్దంటే అది మీ క్షేమం కోరి అన్న మాట. నది దగ్గర పడవలు దించాక కొన్ని కార్లు దిగువకు తీసుకెళ్లి వదిలి, ఒక కారులో అందరూ వెనక్కి వస్తారు. షటిల్ అంటారు దాన్ని. నా స్నేహాల్లో సగం ఆ కార్లలో కుదిరినవే. నీళ్లలో అందరికంటే ముందు దారి తెలిసినవారు ఉంటారు, అందరికంటే వెనుక మరొకరు. మధ్యలో ఉన్న ప్రతివారూ తమ వెనుకవారు కనిపిస్తున్నారో లేదో చూసుకోవాలి. బోల్తాపడి పడవ వదిలేసినవారిని ఒకరు, వారి పడవను మరొకరు, తెడ్డును ఇంకొకరు అందుకుంటారు. అన్నీ ఒడ్డుకు చేరాక నీళ్లు వంపి మళ్లీ ఎక్కిస్తారు. నీళ్లలో పడటం అందరికీ జరిగేదే.

పడవల గురించి రెండు మాటలు. మన గ్యారేజీల్లో పెద్ద దుకాణాల నుంచి తెచ్చిన చెరువు కయాక్‌లు చాలా ఉన్నాయి. అవి చెరువుకు మంచివే. ర్యాపిడ్‌లో వాటి వెడల్పాటి నోట్లోంచి నీళ్లు నిండి, బరువెక్కి, రాయికి చుట్టుకుపోతాయి. నదికి నది కయాకే కావాలి. అయితే మొదటి ఏడాది కొనకండి. క్లబ్బులోనో కోర్సులోనో అద్దెకు తీసుకోండి. కొనేటప్పుడు వాడినది కొనండి. సీటు అడుగున పగుళ్లున్నాయేమో చూడండి, ఎండకు ప్లాస్టిక్ పాలిపోయిందేమో చూడండి, మీ బరువుకు సరిపడేదో కాదో అడగండి. హెల్మెట్, లైఫ్ జాకెట్ మాత్రం కొత్తవి తీసుకోండి.

ఇక పండుగలు. వాటి గురించి నాకు రెండు రకాల అభిప్రాయాలున్నాయి, రెండూ చెబుతాను. గాలీ ఫెస్ట్ సమ్మర్స్‌విల్ పట్టణంలో జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి కయాకర్లు వస్తారు. పడవల తయారీదారులు దుకాణాలు పెడతారు, పాత సామాను చేతులు మారుతుంది, వచ్చిన డబ్బు అమెరికన్ వైట్‌వాటర్ పనులకు వెళ్తుంది. ఆ సంస్థ ఆనకట్టల లైసెన్సులు కొత్తగా ఇచ్చే చాలా చోట్ల కూర్చొని, ఏడాదికి ఇన్ని రోజులు నీళ్లు వదలాలని వాదిస్తుంది. కాబట్టి ఆ పండుగలో మీరు పెట్టే ప్రతి డాలరూ ఏదో ఒక నదిలో నీళ్లవుతుంది. ఇది నా మొదటి అభిప్రాయం.

రెండోది: పండుగ కొత్తవాళ్లకు ప్రమాదకరం కూడా. ఎగువ గాలీ క్లాస్ 5. పిల్లో రాక్, ఐరన్ రింగ్ లాంటి ర్యాపిడ్‌ల పేర్లు ఆ రాత్రి ప్రతి గుడారం దగ్గరా వినిపిస్తాయి. నిన్నగాక మొన్న రోల్ నేర్చుకున్నవారికి "నువ్వూ రా, ఏం కాదు" అని ఎవరో ఒకరు చెబుతారు. వెళ్లకండి. కొత్తవాళ్లకు అక్కడ వేరే పని ఉంది. పాత పడవలు చూడండి, వాటిని అమ్ముతున్నవారితో మాట్లాడండి, మీ ఊరికి దగ్గర క్లబ్బువాళ్లను కలవండి. పక్కనే న్యూ నది ఎగువ భాగం ఉంది, అది సౌమ్యంగా ఉంటుంది, అనుభవజ్ఞులతో కలిసి అక్కడ ఒక పూట గడపండి. నా మటుకు నేను కొత్తవాళ్లకు గాలీ ఫెస్ట్ కంటే కరొలినా కెనూ క్లబ్ జులై 4 ప్రాంతంలో నడిపే వీక్ ఆఫ్ రివర్స్ ఎక్కువ ఉపయోగపడుతుందంటాను. వారం పాటు పశ్చిమ నార్త్ కరొలినాలో మకాం, రోజుకో నది, ప్రతి స్థాయివారికీ వేరువేరు బృందాలు. మొదటి రోజు ఎడ్డీలోకి తిరగలేనివారు వారం చివరికి హాయిగా తిరుగుతారు.

మరో సంగతి. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుఫాను ఆ కొండల్లో నదుల రూపురేఖలే మార్చేసింది. ఒడ్డు చెట్లు వేలాదిగా నదుల్లో పడ్డాయి. కొన్ని ర్యాపిడ్‌లు పాతవారికి కూడా గుర్తుపట్టలేనట్టు మారాయి. అందుకే పదేళ్ల కిందటి పుస్తకమో, పాత వీడియోనో పట్టుకొని వెళ్లకూడదు. పోయిన వారం దిగినవారి మాట కావాలి. ఆ మాట క్లబ్బులోనే దొరుకుతుంది.

ఈ ప్రసంగం ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న మీ తమ్ముళ్లూ చెల్లెళ్లూ కూడా చదువుతారు కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి జలాశయంలో కయాక్‌లు అద్దెకిస్తారు. అది కదలని నీరు, తెడ్డు అలవాటు చేసుకోవడానికి మంచి చోటు. అసలైన శిక్షణకు రుషీకేశ్ వెళ్లాలి. వర్షాలు తగ్గి గంగ తేటపడ్డాక అక్కడ కయాకింగ్ బడులు తెరుచుకుంటాయి. దగ్గరలో పండుగ కావాలంటే కేరళలో, కోళికోడ్ జిల్లా కోడంచేరి వైపు మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతుంది. చాలిపుళ, ఇరువంజిపుళ నదుల మీద, నడి వర్షాకాలంలో. విదేశీ కయాకర్లు వస్తారు, గెలిచినవారిని ర్యాపిడ్ రాజా, ర్యాపిడ్ రాణి అంటారు. అక్కడ కూడా నేను చెప్పేది అదే: మొదటి ఏడాది ఒడ్డున నిలబడి చూడండి. ఎవరు ఏ ఎడ్డీలో ఆగుతున్నారో గమనించండి.

ఇక ప్రశ్నలు.

వెనుక వరుసలో పెద్దాయన అడుగుతున్నారు, ఈత రానివారు నేర్చుకోవచ్చా అని. బాబాయి గారూ, లైఫ్ జాకెట్ వేసుకున్నాక తేలడానికి ఈత అవసరం లేదు, కానీ ముఖం మీద నీళ్లు పడితే కంగారుపడకుండా ఉండటం అవసరం. అది ఈతకొలనులో వస్తుంది. ముందు ఒక సీజను ఈత నేర్చుకొని రండి. వయసు గురించి మాత్రం ఆలోచించకండి. మా క్లబ్బులో అరవై దాటినవారు చాలామంది ఉన్నారు, నాకు మొదట ఎడ్డీ చూపించినవారు వాళ్లే.

అమ్మా, మీ ప్రశ్న పాప గురించి కదా. పదేళ్ల పిల్లలు నేర్చుకోవచ్చు, పెద్దలకంటే త్వరగా నేర్చుకుంటారు కూడా, ఎందుకంటే బోల్తా కొట్టడం వాళ్లకు ఆట. పిల్లల కొలతకు చిన్న పడవలు, చిన్న తెడ్లు ఉంటాయి, పెద్దల పడవలో కూర్చోబెట్టవద్దు. చలి త్వరగా పడుతుంది కాబట్టి వాళ్లకు వెట్‌సూట్, అంటే ఒంటి వేడిని నిలిపే రబ్బరు దుస్తులు, తప్పనిసరి. మీరు ఒడ్డున కూర్చోకుండా మీరూ చేరండి. అమ్మ బోల్తాపడి నవ్వుతూ లేస్తే పాపకు భయం ఉండదు.

చివరి ప్రశ్న, ఎప్పుడు మొదలుపెట్టాలి అని. చలికాలంలో ఈతకొలను, వసంతంలో కోర్సు, వేసవిలో క్లబ్బు విహారాలు. అంటే ఈ నెలలోనే సభ్యత్వం తీసుకోవాలి. ఈతకొలను సాయంత్రానికి వచ్చేవారు ఈత దుస్తులు, ఒక తువ్వాలు, నీళ్లు ముక్కులోకి పోకుండా పెట్టుకునే క్లిప్పు తెచ్చుకోండి. కళ్లజోడున్నవారు దానికి తాడు కట్టుకోండి. పడవ, స్కర్ట్, తెడ్డు, హెల్మెట్ అక్కడే ఇస్తారు. తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాను. పేరు, ఎత్తు, బరువు రాసి వెళ్లండి, మీ కొలతకు తగ్గ పడవలు ముందే పక్కన పెట్టిస్తాను.